సాక్షి లేని ఆట

ఆటలను రెండు తరగతులుగా విభజింపవచ్చును. తీర్పరి ఉన్న ఆటలు ఒక తరగతి. తీర్పరి లేని ఆటలు మరొక తరగతి. మన పల్లెలలో చెడుగుడు ఆడే పిల్లలు సైతము, కూత ఆగినదా లేదా అన్న తగవు రాగానే, గట్టుమీద కూర్చున్న పెద్దమనిషి వైపు తిరుగుతారు. క్రికెట్టులో నిర్ణేత వేలెత్తితేనే ఆటగాడు బయటికి నడుస్తాడు. ఎత్తకపోతే, బంతి తన బ్యాటుకు తగిలినదని ఎరిగి కూడా అతడు నిలిచి ఉండవచ్చును. లోకము అతనిని పెద్దగా తప్పు పట్టదు. ఏలననగా, తప్పు పట్టే పని అక్కడ మరొకరికి అప్పగింపబడి ఉన్నది.

గోల్ఫు ఆట రెండవ తరగతికి చెందినది. దాని తొలి వ్రాతపూర్వక నియమములు 1744లో స్కాట్లండులోని లీత్ పట్టణమున ఏర్పడినవి. అవి మొత్తము 13. నేడవి పెరిగి ఒక గ్రంథమైనవి. కాని వాటన్నింటికీ మూలమైన సూత్రములు రెండే: బంతి ఎక్కడ పడినదో అక్కడినుండియే ఆడవలెను, మైదానమును ఉన్నది ఉన్నట్లుగా స్వీకరింపవలెను. పెద్ద పోటీలలో నిర్ణేతలు లేకపోలేదు, గాని వారు ప్రతి ఆటగాని వెంట నడువరు. పొదల చాటున, ఇసుక గుంటలో, చెట్ల నడుమ ఆటగాడు తన తప్పును తానే చూచి, తానే ప్రకటించి, తన లెక్కలో తానే ఒక దెబ్బ కలుపుకొనవలెను. నేరస్థుడు, సాక్షి, న్యాయాధిపతి – ముగ్గురూ ఒక్కడే.

ఈ ఆటను ప్రేమించేవారు తప్పక చెప్పే కథ ఒకటి ఉన్నది. 1925లో అమెరికా దేశపు ఓపెన్ పోటీ వూస్టర్ పట్టణములో జరిగినది. బాబీ జోన్స్ అనే యువకుడు, జీతము పుచ్చుకొనక ఆడే ఆటగాడు, మొదటి దినమున పొడవైన గడ్డిలో పడిన బంతిని కొట్టబోగా, కర్ర గడ్డికి తగిలి బంతి రవ్వంత కదలినది. అది తానొక్కడే చూచినాడు. అధికారులు నిర్ణయము అతనికే విడిచిపెట్టినారు. అతడు ఒక దెబ్బ శిక్షగా వేసుకొన్నాడు. పోటీ ముగిసేసరికి అతడును విల్లీ మాక్‌ఫర్లేన్ అనే ఆటగాడును సమముగా నిలిచినారు; తరువాత జరిగిన అదనపు ఆటలో జోన్స్ ఓడిపోయినాడు. ఆ ఒక్క దెబ్బ వేసుకొనకుండిన, విజయము అతనిదే. అతని నిజాయితీని పలువురు మెచ్చుకొనగా, బ్యాంకును దోచుకొననందుకు మనిషిని మెచ్చుకొన్నట్లున్నది అన్న భావముతో అతడు బదులు చెప్పినాడని ప్రతీతి.

ఈ కథ మనలను ఎందుకు కదిలిస్తుంది? ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథములో ఒక ఉంగరపు కథ చెప్పించినాడు. ఒక గొర్రెల కాపరికి వింత ఉంగరము దొరకినది. దాని పొడిని లోపలికి త్రిప్పితే ధరించినవాడు ఎవరికీ కనపడడు. ఆ బలముతో అతడు రాణిని లోబరచుకొని, రాజును చంపి, సింహాసనమెక్కినాడు. ఇట్టి ఉంగరము దొరికిన పిమ్మట ధర్మమార్గమున నిలిచేవాడు ఎవడైనా ఉండునా అన్నది అక్కడి ప్రశ్న. పొడవైన గడ్డిలో నిలిచిన జోన్స్ వ్రేలికి ఆ ఉంగరము ఉన్నదనియు, అతడు దానిని త్రిప్పలేదనియు మనము సంతోషిస్తాము. ఎవరూ చూడనప్పుడు చేసే పనియే మనిషికి గీటురాయి అనే నీతిని ఈ కథనుండి తీస్తాము.

నేను కూడా చాలకాలము ఆ నీతినే నమ్మినాను. ఇప్పుడు దానిలో ఒక లోపమున్నదని తోచుచున్నది. దానిని తెలుసుకొన్న విధము చెప్పవలెనన్న, నా స్వంత కథ కొంత చెప్పక తప్పదు. అది గౌరవప్రదమైన కథ కాదు.

నేను నివసించేది జంషెడ్‌పూరు నగరమునకు ఆనుకొని ఉన్న పర్సుడీహ్‌లో. టాటానగర్ రైల్వే స్టేషనుకు ఆవలివైపున, ఇనుప పట్టాలు దాటి వచ్చే ప్రాంతమిది. ఆ స్టేషను పేరు పూర్వము కాలీమాటి. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చీ అనే ఊరికి, అక్కడ ఉక్కు కర్మాగారమును సంకల్పించిన జంషెడ్జీ టాటా పేర జంషెడ్‌పూరు అని నామకరణము చేసినాడు. స్టేషను టాటానగర్ అయినది. ఆ కర్మాగారములో పని చేయుటకు మన తెలుగువారు తరతరాలుగా వచ్చి స్థిరపడినారు. బిష్టుపూరులోని రామమందిరములో నేటికీ మన వాళ్ళ నోట రామకథ తెలుగుననే వినపడుతుంది. హిందీలో ఎం.ఏ. చదివి, కొంతకాలము ఆ భాషనే బోధించి, పిదప హిందీ గ్రంథములను తెలుగు చేయుటయే వ్యాపకముగా పెట్టుకొన్న నావంటివానికి ఇంతకంటె తగిన చోటు లేదు. వాకిట ఒక భాష, వంటయింట ఒక భాష.

‘డీహ్’ అన్న మాటకు హిందీలో ఊరి పాతస్థలము, పూర్వులు నివసించిన దిబ్బ అని అర్థము. ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లలో అది తరచుగా వినబడుతుంది. పట్టాలకు ఈవలనున్న పర్సుడీహ్ ఒక డీహ్. నగర మధ్యముననున్న బెల్డీహ్ మరొక డీహ్. పర్సుడీహ్‌లో టోకు వ్యాపారపు మండీ ఉన్నది: ఉల్లిగడ్డల బస్తాలు, బంగాళాదుంపల బస్తాలు, లారీలు, కాటాలు, హమాలీలు. బెల్డీహ్‌లో గోల్ఫు మైదానము ఉన్నది. నగరమునకు తూర్పుగా గోల్మురీలో మరొకటి ఉన్నది. దేశములోని వృత్తి ఆటగాళ్ళు పోటీలకై ఈ రెండు మైదానములకు వచ్చినవారే. ఒకే మాటతో ముగిసే రెండు పేర్లలో ఒకటి పచ్చిక అయినది, ఒకటి బస్తాల వీధి అయినది. ఇది ఎవరిమీదనో ఫిర్యాదు కాదు. పేర్లతో పని చేసేవానికి ఇట్టి విషయములు కంటబడకుండా ఉండవు, అంతే.

మా మిత్రులొకరు, ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు, ‘మాష్టారూ, రోజంతా కుర్చీలో కూర్చుంటే నడుము పోతుంది, నాతో రండి’ అని నన్ను ఒక మైదానమునకు తీసుకొనిపోయినారు. అది ఎక్కడనో చెప్పవలసిన పని లేదు. జరిగిన తప్పు నాది, మైదానముది కాదు. ఆరు నెలలు వారి దగ్గర కర్ర పట్టుకొనుట నేర్చుకొన్న పిమ్మట ఒక ఉదయము పూర్తి ఆట ఆడుటకు పోయినాము. నా సంచి మోయుటకు ఒక క్యాడీ వచ్చినాడు. నలుబది యేండ్లు దాటినవాడు. కణతల వద్ద వెండ్రుకలు నెరసినవి. నేను అతనిని హిందీలో ‘తుమ్’ అనినాను. అతడు నన్ను ‘సాబ్’ అనినాడు. ఇందులో వింత ఏమియును నాకు కనపడలేదు.

ఏడవ గుంటకు పోవు దారిలో నా బంతి కుడివైపు గడ్డిలోనికి పోయినది. మిత్రులు ఎడమవైపున చాల దూరములో ఉన్నారు. అతడు ముందుగా పోయి బంతిని చూపినాడు. నేను కర్ర నానించి నిలుచుండగా గడ్డి ఒత్తుకొని బంతి ఒక అంగుళము ప్రక్కకు దొర్లినది. దొర్లి, ఇంతకుముందు కంటె మంచి చోటులో నిలిచినది. నియమము నాకు తెలియును: ఒక దెబ్బ శిక్ష వేసుకొని బంతిని మునుపటి చోట ఉంచవలెను. జోన్స్ కథ కూడా తెలియును. ఆ ఉదయమే మిత్రులకు నేనే దానిని వినిపించి ఉంటిని. నేను మిత్రుల వైపు చూచినాను. వారు ఇటు చూచుట లేదు. బంతిని కొట్టినాను. అది మంచి దెబ్బ. ఆ గుంట ముగిసిన తరువాత కార్డు మీద ఏడు వ్రాయవలసిన చోట ఆరు వ్రాసినాను.

ఆ సమయమున నేను మిత్రుల వైపు మాత్రమే చూచినాను అన్న సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. నాకు మూడడుగుల దూరములో, నా సంచి భుజమున వేసుకొని, ఒక మనిషి నిలిచి ఉన్నాడు. అతని పనియే బంతిని చూచుట. ఆ పనికై అతనికి కూలి ఇస్తున్నాను. అయినను, ఎవరైనా చూచినారా అని వెదకిన నా కన్ను అతని మీద ఆగలేదు; చెట్టు మీద ఆగనట్లే, బండి మీద ఆగనట్లే, దాటిపోయినది.

ఆట ముగిసినది. మిత్రులు నా లెక్క చూచి, కొత్తవానికి ఇది బాగున్నదని మెచ్చుకొని కార్డు మీద సంతకము చేసినారు. ఆ కార్డు మీద ఆటగాని సంతకమునకు ఒక గీత, లెక్కను ధ్రువపరచే సహచరుని సంతకమునకు ఒక గీత ఉంటవి. సంచి మోసినవాని సంతకమునకు గీత ఉండదు. నేను అతనికి ఇవ్వవలసిన కూలికి పైన మరి వంద రూపాయలు ఇచ్చినాను. అతడు నమస్కరించి పుచ్చుకొన్నాడు. ఇంటికి పోవు దారిలో, జుగ్సలాయీ వద్ద ఆటో ఆగి ఉండగా, ఆ వంద రూపాయలు దేనికి ఇచ్చినానని నన్ను నేనే ప్రశ్నించుకొన్నాను. దానమా? ఉత్సాహమా? లేక లంచమా? లంచమే అయినచో, అతడు చూచినాడని నా చేతికి తెలిసినది, కంటికి మాత్రము తెలియలేదు.

ఇది చిన్న విషయమని, ఆటలో ఒక అంగుళమునకు ఇంత వ్యాఖ్యానమా అని, పాఠకులు నవ్వవచ్చును. పందెము లేదు, బహుమానము లేదు, ఓడిపోయినవాడు లేడు. నిజమే. కాని బ్రతుకు తెరువులో మనము ఆడే అబద్ధములకు ఏదో ఒక నెపము దొరకుతుంది. పిల్లల చదువు, అప్పుల బాధ, పై అధికారి ఒత్తిడి – వీటి వెనుక మనిషి దాగుకొనవచ్చును. ఆటలో ఏ ఒత్తిడియు లేదు. అక్కడ చేసిన తప్పు ఏ తొడుగూ లేని తప్పు. అందుచేతనే అది పరిశీలనకు యోగ్యమైనది. వైద్యుడు పెద్ద రోగమును పసికట్టుటకు ఒక్క బొట్టు రక్తమే చూచుట లేదా?

నా వృత్తి సంగతి కూడా ఇక్కడ చెప్పవలెను. అనువాదకుడు కూడా తీర్పరి లేని ఆటగాడే. మూలమును, అనువాదమును ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదివే పాఠకుడు నూటికి ఒక్కడు ఉండడు. మూలరచయిత వాక్యము ఎక్కడ పడినదో అక్కడినుండియే ఆడవలెనన్నది మా ధర్మము. వాక్యము ముళ్ళలో పడవచ్చును, బురదలో పడవచ్చును. దానిని కాస్త ప్రక్కకు, చదునైన చోటికి జరిపితే తెలుగు సాఫీగా నడుస్తుంది. సమీక్షకులు ‘మూలము వలెనే ఉన్నది’ అని మెచ్చుకొంటారు. ఆ దినములలో నేను ఒక హిందీ నవలను తెలుగు చేయుచుంటిని. అందులో ఇంటి పనిమనిషి తన యజమానురాలితో పల్లెభాషలో ఒక్క వాక్యము అంటుంది. అది నాకు బోధపడలేదు. నిఘంటువులో దొరకలేదు. రెండు దినములు తంటాలుపడి, చివరకు దానిని వదలివేసినాను. పనిమనిషి మౌనముగా తలవంచుకొని పోయినదని వ్రాసినాను. ఆ వాక్యము లేకపోయినా కథ నడచినది. ఎవరూ చూడలేదు.

కొన్ని వారముల తరువాత మండీలో కూరగాయలకు పోయినప్పుడు అతడు కనిపించినాడు. అతనిది కూడా పర్సుడీహ్‌యే. మైదానములో పని దొరకని దినములలో ఇక్కడ బస్తాలు దించుతాడట. అతడే ముందుగా పలుకరించినాడు. కాటా వద్ద బస్తాలు తూస్తున్నారు. ఈ ప్రక్క అమ్మేవాడు, ఆ ప్రక్క కొనేవాడు, ఇద్దరి కన్నులూ ముల్లు మీదనే ఉన్నవి. మోసేవాడు కూడా ముల్లునే చూస్తున్నాడు, ఎందుకనగా అతని కూలి కూడా ఆ బరువును బట్టియే. అంత గందరగోళములోనూ ఆ చోటులో ఒక న్యాయమున్నదని తోచినది. ఏమి ఆవేశించినదో గాని, ‘ఆ దినము ఏడవ గుంట దగ్గర నా బంతి కదలినది’ అన్నాను.

‘తెలుసు సాబ్’ అన్నాడు.

‘మరి చెప్పలేదేమి?’

‘నన్ను ఎవరూ అడగలేదు గదా.’

ఆ మాటలో నిష్ఠూరము లేదు. వాన కురిసినదా అంటే కురిసినది అన్నంత సహజముగా అన్నాడు. తరువాత మరొక బస్తా కోసము వీపు వంచినాడు. నేను ఆయనను ఆనాటినుండి ‘తుమ్’ అనలేకపోయినాను. హిందీలో మధ్యమ పురుషకు మూడు మెట్లు ఉన్నవి: తూ, తుమ్, ఆప్. తెలుగులో నీవు, మీరు అని రెండే. మెట్లు ఎన్ని ఉన్నా, ఎవరిని ఏ మెట్టుమీద నిలుపుచున్నామో అది మన నైతిక దృష్టికి కొలబద్ద. వ్యాకరణములో నేను ఇన్నేండ్లు పిల్లలకు బోధించిన పాఠము నాకే మొదటిసారి అర్థమైనది.

ఇప్పుడు ప్లేటో ఉంగరమునకు తిరిగి వస్తాను. ఆ కథలోని కాపరి అందరికీ కనపడకుండా పోయినాడు. లోకములో అట్టి ఉంగరము లేదు. కాని మన అందరి వ్రేళ్ళకూ మరొక రకపు ఉంగరమున్నది. అది మనలను మాయము చేయదు. చూచేవారిని మాయము చేస్తుంది. వంట చేసే ఆమె ఎదుట భార్యాభర్తలు పోట్లాడుకొంటారు, గదిలో ఎవరూ లేరన్నట్లు. కారు నడిపేవాని వెనుక కూర్చుండి వర్తకులు రహస్యములు మాట్లాడుకొంటారు. ఎవరూ చూడలేదు అని మనమనునప్పుడు, మనము లెక్కించే వారెవరూ చూడలేదు అనియే తరచుగా దాని అర్థము. కొరత సాక్షులది కాదు, లెక్కది. జోన్స్ కథ చెప్పేవారు కూడా అతడొక్కడే చూచినాడు అంటారు. ఆ కాలమున ప్రతి ఆటగాని వెంట సంచి మోసే మనిషి నడిచేవాడు. ఆ దినమున ఆ మనిషి చూచినాడా లేదా అన్నది నా ప్రశ్న కాదు. కథ చెప్పేటప్పుడు ఆ ప్రశ్న కూడా మనకు తోచదు. అది నా విచారము. జోన్స్ గొప్పతనమునకు దీనివలన లోటు రాదు. అతడు సరియైన పనియే చేసినాడు. మనము ఆ కథనుండి తీసిన నీతి మాత్రము సగమే.

మన సాహిత్యములో ఈ విషయము ఇంతకంటె సూక్ష్మముగా చెప్పబడి ఉన్నది. కాళిదాసు నాటకములో ఉంగరము పోయినందున, శాపవశమున, దుష్యంతుడు శకుంతలను మరచిపోతాడు. మహాభారతములో ఉంగరము లేదు, శాపము లేదు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వములోని రాజు అంతయు ఎరిగియుండియే ఎరుగనంటాడు. వివాహము అడవిలో జరిగినది. సభ వారెవరూ చూడలేదు. అదే అతని ధైర్యము. అప్పుడు శకుంతల సాక్షులను పేర్కొంటుంది: సూర్యచంద్రులు, గాలి, నిప్పు, పగలు, రాత్రి, మనిషి గుండె. కవిత్వముగా మనము వాటిని మెచ్చుకొంటాము. కాని ఒక సంగతి గమనింపవలెను. ఆమె అన్నింటినీ పిలువవలసి వచ్చినది ఎందుకు? అసలు సాక్షి ఎదుటనే నిలిచి ఉన్నది గనుక, ఆమెను ఎవరూ సాక్షిగా లెక్కింపలేదు గనుక. చివరకు ఆకాశవాణి పలికితే గాని సభ నమ్మలేదు. ఎదుటనున్న స్త్రీ మాటకు విలువ లేని చోట ఆకాశము మాట్లాడవలసి వచ్చినది. మనస్సాక్షి అని మనము గొప్పగా చెప్పుకొనేది కూడా, ఎదుటి మనిషి సాక్ష్యమును తప్పించుకొనుటకు కొందరికి పనికివచ్చే ఆకాశవాణియేమో అని ఒక్కొక్కసారి అనుమానము కలుగుతుంది.

ఇక్కడినుండి మరొక ప్రశ్న పుట్టుచున్నది. సార్వజనికమైన స్థలము అంటే ఏమి? గోల్ఫు ఆట ధనవంతులదని మనకు అభిప్రాయము. మన దేశమున దానికి తగిన కారణములు ఉన్నవి. కలకత్తాలో 1829లోనే ఇంగ్లీషువారు గోల్ఫు సంఘమును స్థాపించినారు. అది కొద్దిమంది దొరల విడిది. కాని ఆట పుట్టిన దేశములో చరిత్ర వేరు. సెయింట్ ఆండ్రూస్ పట్టణములోని సముద్రతీరపు పచ్చికపై పట్టణవాసులకు ఆటలాడుకొనే హక్కు ఉన్నదని 1552 నాటి శాసనమే అంగీకరించినది. లోకమంతా పూజించే ఆ పాత మైదానము నేటికీ ఏ సంఘము సొంత ఆస్తియు కాదు. ప్రజల పక్షమున ఒక ధర్మకర్తృత్వ సంస్థ దానిని నడుపుచున్నది. పెద్ద పోటీల వంటి సందర్భములు తప్ప ఆదివారములలో అక్కడ ఆట ఉండదు. ఆనాడు పట్టణపు ముసలివారు, పిల్లలు, కుక్కలు ఆ పచ్చిక మీద తిరుగుతారు. అమెరికాలో 1895లో న్యూయార్కు నగరపు వాన్ కోర్ట్‌లాండ్ ఉద్యానములో ప్రజలందరికై మైదానము ఏర్పడినది. మన ఢిల్లీలో లాడో సరాయ్ వద్ద, కుతుబ్ మీనారు కనుచూపు మేరలో, నగరాభివృద్ధి సంస్థ 2000లో సభ్యత్వముతో నిమిత్తము లేక రుసుము చెల్లించినవారు ఆడదగిన మైదానము తెరచినది.

ఇవన్నీ మెచ్చుకొనదగినవే. ద్వారము తెరచుట మొదటి మెట్టు. ఐతే రుసుము చెల్లించిన ఎవరైనను లోనికి రావచ్చును అన్నంత మాత్రమున స్థలము సార్వజనికము కాజాలదు. బజారు కూడా అంతే గదా! రుసుముతో లోనికి వచ్చినవానికి, సంచితో లోనికి వచ్చినవాడు మనిషిగా కనపడినప్పుడే అది అందరి స్థలము. సెయింట్ ఆండ్రూస్ ఆదివారములో నాకు నచ్చినది ఇదియే. ఆరు దినములు ఆటగాళ్ళు నడిచిన పచ్చిక మీద ఏడవ దినమున ఆడనివారు నడుస్తారు. ఆ నేల మీద తమకు కూడా ఒక చూపు ఉన్నదని వారికి జ్ఞాపకముంటుంది. జంషెడ్జీ టాటా 1902లో కుమారునికి వ్రాసిన లేఖలో, కట్టబోయే నగరమునకు నీడనిచ్చే చెట్లు, వెడల్పైన వీధులు, ఉద్యానములు, కాలిబంతి, హాకీ ఆటలకు విశాలమైన జాగాలు, అన్ని మతముల ఆలయములకు చోటు ఉండవలెనని కోరినాడు. ఆయన 1904లో మరణించినాడు, నగరమును చూడలేదు. ఇక్కడ 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కులో సాయంకాలమున నడచునప్పుడు, కర్మాగారపు కూలీయు, అధికారియు ఒకే బెంచీ మీద కూర్చుండి వేరుసెనగలు తినుట చూచినాను. అక్కడ ఎవరి సంచిని ఎవరూ మోయరు. అందుకే కాబోలు ఒకరికొకరు కనపడతారు.

మోసేవారు ఊరకనే మోస్తారని, వారికి చూపు లేదని అనుకొనేవారికి ఒక దృష్టాంతము చాలును. రాయల్ కలకత్తా మైదానములో పచ్చిక పెంచే పనివాని కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరాసియా. బాల్యమునుండి ఆ మైదానములో సంచులు మోస్తూ, ఆడేవారిని చూస్తూ ఆట నేర్చినాడు. 2008లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ మాస్టర్స్ పోటీలో విదేశీయులైన ప్రసిద్ధ ఆటగాళ్ళ నడుమ గెలిచినాడు. 2016, 2017 సంవత్సరములలో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. గురువు లేకుండ నేర్చినాడని పత్రికలవారు ఆశ్చర్యపడినారు. గురువులు లేకపోవుట ఏమి? ఎందరు తమ ఆటను ఆయన కన్నుల ఎదుట, ఆయన చూడటము లేదనుకొని, ఆడలేదు!

ఇట్లయితే ప్రతి పనివాని ఎదుట, ప్రతి చిన్న తప్పునకు, మనము లెక్క చెప్పుకొనవలెనా అని ఒక ఆక్షేపణ రావచ్చును. అది సాధ్యము కాదు. అవసరము కూడా కాదు. తన తప్పును ఊరంతటికీ చాటుకొనేవానిలో అహంకారము మరొక రూపమున ఉండవచ్చును. మండీలో ఆయనతో నేనన్న మాటలో కూడా మెప్పుదల ఆశ ఏమియు లేదని ప్రమాణము చేయలేను. నేను చెప్పదలచినది ఇంతకంటె చిన్నది. నా తప్పువలన ఎవరికీ నష్టము లేదనుకొంటిని. ఒకరికి కలిగినది. నా సంచితోపాటు నా అబద్ధమును కూడా ఆయన పదకొండు గుంటల దూరము మోసినాడు. పలుకకుండుట ఆయన కూలిలో భాగమైనది. అడగని సాక్షి మౌనము ఉచితము కాదు. దాని వెల ఆ సాక్షియే చెల్లిస్తాడు. ఆ వెలను వంద రూపాయలతో తిరిగి ఇచ్చివేసినాననుకొనుట రెండవ తప్పు. ఇది మొదటి దానికంటె పెద్దది.

ఆ రాత్రి కార్డును వెదకి ఆరు కొట్టివేసి ఏడు వ్రాసినాను. మిత్రులకు ఫోను చేసి చెప్పగా, వారు నవ్వి, ‘మాష్టారూ, ఏడవ గుంటలో ఏడా? బాగున్నది, గుర్తుంటుంది’ అన్నారు. అంతటితో ఆ సంగతి తేలిపోయినది. తేలిపోనిది మరొకటి ఉన్నది. నవల వ్రాతప్రతి బల్లమీదనే ఉన్నది. దానిలో పనిమనిషి తలవంచుకొని మౌనముగా పోయినది; ఆమెను అట్లు పంపించినది నేను. మూలములో ఆమె మాట్లాడినది.

మరునాడు మండీకి పోయి, లారీల నీడలో విశ్రమించుచున్న ఆయన ప్రక్కన కూర్చుండి, హిందీ పుస్తకము తెరచి ఆ వాక్యము చదివినాను. ఆయన పూర్వులు భోజ్‌పురీ ప్రాంతమునుండి వచ్చినవారు. ‘ఆప్ దీనికి అర్థము చెప్పగలరా?’ అని అడిగినాను. ఆయన నన్ను మరొకసారి చదువుమన్నాడు. చదివినాను. నా ఉచ్చారణ సరిదిద్ది, తానే ఒకసారి పలికి చూపినాడు. అప్పుడు ప్రక్కనున్న మరి ఇద్దరు హమాలీలు నవ్వినారు. వారికి వెంటనే బోధపడినది. అది విధేయత మాట కాదు, దుఃఖము మాట కూడా కాదు. యజమానురాలు దాచిన విషయమంతయు తనకు మొదటినుండి తెలియునని ఆ పనిమనిషి వేసిన ఎత్తిపొడుపు అది.

నేను రెండు దినములు నిఘంటువులు త్రిప్పితిని. ఆ మాట ఎరిగినవారు నా ఇంటికి పావు మైలు దూరములోనే ఉన్నారు. అడిగి ఉండలేదు.